చిన్న ఉప్పునీటి ట్యాంకుకి స్కిమ్మర్ కావాలా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది మియాపూర్‌లో ఫ్లాట్. పది నెలల క్రితం హాల్లో 60 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టాను. క్లౌన్ ఫిష్ జంట, ఒక ఫైర్‌ఫిష్, పగడాల్లో కొన్ని జోఆంథిడ్లు, నాలుగైదు మష్రూమ్‌ కోరల్స్, ఒక లెదర్ కోరల్ ఉన్నాయి. వెనక అరలో స్పాంజి, సిరామిక్ రింగులు, పంపు తప్ప ఇంకేం లేవు. రెండు వారాలకోసారి ఐదు లీటర్లు మారుస్తాను. కొన్ని నెలలుగా నైట్రేట్ లీటరుకి 25 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటోంది. నీటి మీద నూనె తేలినట్టు పొర కడుతోంది. షాపాయన స్కిమ్మర్ లేకుండా రీఫ్ ట్యాంకు, అంటే పగడాలున్న ట్యాంకు, నడవదంటూ 9,500 రూపాయలది చూపించాడు. స్నేహితుడేమో డబ్బు దండగ అంటాడు. ఇంకో మోటారు చప్పుడు హాల్లో వినబడితే ఊరుకోనని మా ఆవిడ ముందే చెప్పేసింది. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఆవిడ మాట వినండి. కనీసం రెండు నెలలు.

కందిపప్పు ఉడికేటప్పుడు పైకి నురగ వస్తే గరిటెతో తీసి పారేస్తాం కదా, స్కిమ్మర్ చేసేదీ అలాంటి పనే. తుపాను వెళ్లిన మర్నాడు మా ఆర్కే బీచ్‌లో ఒడ్డున మురికి నురగ కట్టలు కట్టి ఉంటుంది, అదీ ఈ జాతిదే. చేప వదిలే జిగురు, తినకుండా మిగిలిన మేత, వీటి నుంచి కరిగే ప్రొటీన్లు, కొవ్వుల అణువుల్లో కొంత భాగానికి నీళ్లంటే పడదు. గాలి బుడగ దొరికితే దాన్ని అంటుకుంటుంది. స్కిమ్మర్ గొట్టంలో సన్నటి బుడగలు కోట్లకొద్దీ పుట్టించి, ఆ నురగని మెల్లగా పైకెక్కించి కప్పులో పోస్తుంది. భీమిలి వైపు ఒక రొయ్యల హేచరీ ల్యాబులో 19 ఏళ్లు పనిచేశాను. ఆ కప్పు కడిగే వంతు వచ్చిన రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పబుద్ధయ్యేది కాదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్కిమ్మర్ నైట్రేట్‌ని తియ్యదు. మురికి కుళ్లకముందే కొంత లాగేస్తుంది, అంతే. బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా, నైట్రైట్‌గా, చివరికి నైట్రేట్‌గా మార్చేశాక ఇక దాని చేతిలో ఏమీ లేదు. కాబట్టి రేపు స్కిమ్మర్ పెడితే ఎల్లుండికి మీ 25 కాస్తా 10 అవ్వదు. ఇప్పటికే చేరిన నైట్రేట్‌ని బయటికి మోసేది మీ బకెట్టే.

ఆ బకెట్ చాలా చిన్నదైపోయింది. లెక్క మీ ఉత్తరంలోనే ఉంది. రాళ్లు, ఇసుక పోను మీ 60 లీటర్ల ట్యాంకులో నీళ్లు 50 లీటర్లకి మించవు. రెండు వారాలకోసారి ఐదు లీటర్లంటే పదోవంతు. 25లో పదోవంతు 2.5. అంటే ప్రతిసారీ 2.5 తీస్తున్నారు, అయినా అంకె కదలడం లేదు, అంటే ఆ రెండు వారాల్లో చేరేదీ 2.5 అన్నమాట. వారానికి 1.25. మూడు చిన్న చేపలకి ఇదేం ఎక్కువ కాదు. ఇప్పుడు ప్రతి ఆదివారం పది లీటర్లు, అంటే ఐదోవంతు మార్చారనుకోండి. అంకె 1.25కి ఐదు రెట్ల దగ్గర, ఆరు చిల్లర దగ్గర స్థిరపడుతుంది. ఒక్కసారిగా కాదు. నాలుగు వారాలకి 14 దాకా, ఎనిమిది వారాలకి 9, 10 మధ్యకి దిగాలి. మష్రూమ్‌లకీ జోఆంథిడ్లకీ అది హాయైన నీరు. సున్నా చెయ్యాలని మాత్రం చూడకండి. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ అడుగంటిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల జిగురు పట్టుకుంటే వదిలించుకోవడం నైట్రేట్ తగ్గించడం కంటే కష్టం.

పది లీటర్లకి ఉప్పు సుమారు 360 గ్రాములు. ఏడాదికి 19 కిలోలు. ఆ 9,500లో కొంత ఉప్పుకి పెట్టండి.

నీళ్లు మార్చే ముందే, ఎప్పుడూ ఒకే కిట్‌తో కొలవండి. రంగు చూసి పోల్చే కిట్లలో 20కీ 25కీ తేడా పట్టుకోవడం నాలాంటి ల్యాబు మనిషికే కష్టం, కాబట్టి వారం వారం కంగారు పడకుండా నెల మొత్తం మీద ఎటు పోతోందో చూడండి. రెండు నెలలకీ దిగకపోతే? అప్పుడు కూడా షాపుకి పరిగెత్తకండి. ముందు మీరు కలిపిన కొత్త ఉప్పునీళ్లని, ట్యాంకులో పోయకముందే, కొలవండి. వంటింటి ఆర్వో మిషన్లలో టీడీఎస్ సరిచేసే మర ఒకటుంటుంది, అది రుచి కోసం వడకట్టిన నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు కలుపుతుంది. బోరు నీళ్లలో నైట్రేట్ ఉండటం మన దగ్గర కొత్తేమీ కాదు. అలాంటి నీళ్లు పోస్తూ నైట్రేట్ తగ్గలేదంటే ఏ స్కిమ్మర్ ఏం చేస్తుంది? ఆర్వో తర్వాత, నీళ్లలో మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఒకటి పెట్టుకుంటే ఆ బాధ పోతుంది. ఇక రెండోది మీ వెనక అరలో స్పాంజి. దాన్ని వారానికోసారి, తీసేసిన ట్యాంకు నీళ్లలోనే పిండండి. నెలల తరబడి పిండని స్పాంజి ఎరువుల కుప్పతో సమానం.

పైన కట్టే పొరకి మందు పైసా ఖర్చు లేనిది. పంపు మూతిని కొంచెం పైకి తిప్పి నీటి మీద అలలు లేచేలా పెట్టండి. ఫ్రోజెన్ మేత వేస్తుంటే ముక్కని చిన్న గిన్నెలో కరగనిచ్చి, టీ వడకట్టులో ఒకసారి కడిగి వెయ్యండి. ఆ పొర కట్టడానికి మేతలోని కొవ్వూ ఒక కారణం. లెదర్ కోరల్ అప్పుడప్పుడు మైనంలాంటి పొర వదులుతుంది, నీళ్లలోకి రసాయనాలూ వదులుతుంది. దాని కోసం యాక్టివేటెడ్ కార్బన్ రెండు చెంచాలు వల సంచిలో కట్టి వెనక అరలో పెట్టి, నెలకోసారి మారుస్తూ ఉండండి.

స్కిమ్మర్ మీద నాకు కోపమేం లేదు. నా 70 లీటర్ల ట్యాంకుకి నేనూ ఒకటి కొన్నాను. చిన్న ట్యాంకు వెనక అరలో నీళ్లు ఒక లీటరు ఆవిరైతే మట్టం నాలుగు వేళ్లు దిగుతుంది, మట్టం మారితే నురగ మారుతుంది. అందుకని మట్టం నిలపడానికి, ఆవిరైనంత మంచినీళ్లు తనంతట తానే పోసే సెన్సరు ఒకటి పెట్టాను. ఒక రాత్రి ఊడిపోయిన కోరల్ ముక్కని ఎపాక్సీ పుట్టీతో అతికించి పడుకున్నాను. పుట్టీ పడితే స్కిమ్మర్‌కి పిచ్చెక్కుతుందని తెలిసుండీ స్విచ్ ఆపలేదు. తెల్లారేసరికి కప్పు పొంగి ఉప్పునీళ్లు నేలమీద, పోయిన నీళ్లకి బదులు సెన్సరు శ్రద్ధగా పోసిన మంచినీళ్లు ట్యాంకులో. ఉప్పు లీటరుకి 35 గ్రాముల నుంచి 31కి పడింది. జోఆంథిడ్లు మూడు రోజులు ముడుచుకునే ఉన్నాయి. తప్పు నాదే. కానీ చిన్న ట్యాంకులో ఒక యంత్రం పెడితే దాన్ని కాయడానికి ఇంకో యంత్రం కావాలి, ఆ రెండూ కలిసి చేసిన పని ఇది. తర్వాత దాన్ని అటక మీద పెట్టేశాను.

షాపాయన మాటా ఊరికే పుట్టలేదు లెండి. విదేశాల్లో కొమ్మల్లా పెరిగే రాతి పగడాలు పెంచేవాళ్లకి చాలా శుభ్రమైన నీళ్లు కావాలి, చేపలు ఎక్కువ, మేత ఎక్కువ, ట్యాంకులు పెద్దవి. 300 లీటర్లలో ఐదోవంతంటే ప్రతి వారం 60 లీటర్లు మొయ్యాలి, అక్కడ స్కిమ్మర్ నడుము కాపాడుతుంది. ఆ సూత్రం మీ ట్యాంకుకి అతకదు. పైగా మన దేశంలో రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లూ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దనండి. ఇక మీరు స్కిమ్మర్ కొనాల్సింది ఎప్పుడంటే, చేపలు ఐదారుకి పెంచాలనుకున్నప్పుడు, లేదా ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతూ బకెట్ ముట్టుకోలేనప్పుడు. అప్పుడు చప్పుడు తక్కువ చేసేది చూసి, మీ ఆవిడకి వినిపించి కొనండి.

ఇప్పుడే ఏదో ఒకటి కొనాలని చెయ్యి దురద పెడుతుంటే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొనండి. కరెంటు పోతే స్కిమ్మరూ ఆగిపోతుంది.

ప్రశ్న: మేడమ్, మేం డాలస్ దగ్గర ఉంటాం. 75 లీటర్ల రీఫ్ ట్యాంకు. నైట్రేట్ 5. చలికాలంలో మాత్రం పీహెచ్ 7.8 దాటడం లేదు. స్కిమ్మర్ పెడితే మేలా?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: ముందు కిటికీ తెరవండి. నిజంగానే. చలికి ఇల్లంతా మూసుకుని నలుగురు మనుషులు, గ్యాస్ స్టవ్ ఉంటే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీళ్లలోకీ దిగుతుంది, పీహెచ్ పడుతుంది. గంటో రెండు గంటలో తెరిచి కొలిస్తే అంకె పైకి కదిలిందా, దొంగ దొరికినట్టే. మీకు స్కిమ్మర్ పనికొస్తుంది, మురికి కోసం కాదు, గాలి కోసం. దాని గాలి పైపుని కిటికీ సందులోంచి బయటికి పెట్టండి. బయట పచ్చికకి మందు కొట్టే రోజున మాత్రం లోపలికి లాక్కోండి. పీహెచ్ 7.8 ఉన్నా కోరల్స్ బాగా విచ్చుకుని పెరుగుతుంటే అసలేమీ చెయ్యకపోయినా నేను తప్పు పట్టను.

ప్రశ్న: మా గోల్డ్ ఫిష్ ట్యాంకులో నీళ్లు త్వరగా పచ్చబడుతున్నాయి. స్కిమ్మర్ పెట్టమంటారా?
— ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: వద్దు బాబూ. మంచినీళ్లలో బుడగలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి పెద్దవై టపటపా పేలిపోతాయి, ఉప్పునీళ్లలోలాగా సన్నగా నిలవవు. నురగే సరిగా కట్టదు. పైగా పచ్చబడటం నాచు పని. ట్యాంకుని కిటికీ ఎండలోంచి పక్కకి జరిపి, మేత సగం చెయ్యి. రెండు వారాలకీ పచ్చదనం తగ్గకపోతే ట్యాంకు ఎన్ని లీటర్లో, చేపలెన్నో రాసి పంపు.