ఎక్కడా రాసిలేని చట్టం చదివితే ఏ పని దొరుకుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి లా చివరి సంవత్సరంలో ఉంది. ఎల్‌ఎల్‌ఎం చేస్తానని, అంతర్జాతీయ ఆచార న్యాయం మీద థీసిస్ రాస్తానని పట్టుబడుతోంది. ఆ చట్టం ఏ పుస్తకంలో ఉందమ్మా అని అడిగితే ‘ఎక్కడా రాసి ఉండదు నాన్నా, అదే దాని సంగతి’ అంటోంది. రాసిలేని చట్టం చదివి ఏ కోర్టులో ప్రాక్టీసు చేస్తుంది? కంపెనీ లా వైపు మళ్లించమంటారా?

జవాబు: మళ్లించకండి. అలాగని వెంటనే ఫీజు కట్టేయమని కూడా అనను.

ముందు మీ అమ్మాయి అన్న మాటను కాస్త సరిచేయాలి. మీ టెన్షన్‌కు మూలం అదే. ఆచార న్యాయం అంటే ఒప్పందంగా రాసుకోకపోయినా చట్టమని దేశాలు పాటించే నియమాలు. అది కూడా రాసే ఉంటుందండీ, కాకపోతే ఒక్కచోట ఉండదు. దౌత్య లేఖల్లో, పార్లమెంటు ప్రసంగాల్లో, సైన్యాల మాన్యువల్స్‌లో, దేశాల చట్టాల్లో, కోర్టు తీర్పుల్లో తలా ఒక ముక్క ఉంటుంది. ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి ‘నియమం ఇదీ’ అని చూపించడమే ఆ లాయరు పని. మామూలు కేసులో చట్టం పుస్తకంలో ఉంటుంది, జరిగిన సంగతులు రుజువు చేస్తే చాలు. ఇక్కడ చట్టాన్నే రుజువు చేసుకోవాలి.

అది ఎలా ఉంటుందో ఒక పాత కేసు చూడండి. 1898లో స్పెయిన్‌తో యుద్ధం రాగానే అమెరికా నౌకాదళం స్పెయిన్ పాలనలో ఉన్న క్యూబా తీరాన్ని దిగ్బంధించింది. అప్పటికే వేటకు వెళ్లిన రెండు తెరచాప పడవలు తిరిగొస్తూ దొరికిపోయాయి. ఒకటి పకేటె అబానా, దాంట్లో ముగ్గురు మనుషులు. రెండోది లోలా, దాంట్లో ఆరుగురు. పడవల్లో ఆయుధాల్లేవు, ఉన్నవల్లా బతికున్న చేపలు. నౌకాదళం ఆపేదాకా యుద్ధం వచ్చిందనే వాళ్లకు తెలియదు. శత్రువు ఆస్తి కింద లెక్కగట్టి మొదటిదాన్ని 490 డాలర్లకు, రెండోదాన్ని 800 డాలర్లకు వేలం వేసేశారు. కేసు అమెరికా సుప్రీం కోర్టుకు చేరింది. ఆ పడవలను పట్టుకోకూడదని చెప్పే ఒప్పందం చేతిలో లేదు. జడ్జీలు ఏం చేశారంటే, 1403, 1406 సంవత్సరాల్లో ఇంగ్లండ్ రాజు నాలుగో హెన్రీ తన అడ్మిరల్స్‌కు ఇచ్చిన ఉత్తర్వుల దగ్గర మొదలుపెట్టి, 1894 యుద్ధంలో జపాన్ పెట్టుకున్న నిబంధనల దాకా దాదాపు ఐదు వందల ఏళ్ల కాగితాలు తిరగేశారు. చివరికి 1900 జనవరిలో, వేట పడవల జోలికి పోకపోవడం ఒకప్పుడు దయే కావచ్చు, ఇప్పుడది చట్టమని తేల్చారు. ముగ్గురు జడ్జీలు మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ల లెక్కలో అది ఇంకా దయే. ఆ ముగ్గురు రాసింది కూడా చదివావా అని మీ అమ్మాయిని అడగండి. ఈ సబ్జెక్టులో అసలు గొడవంతా అక్కడే ఉంది.

ఎందుకంటే, దేశాల మధ్య కేసులు విచారించే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం శాసనంలోని 38వ అధికరణం ఆచారానికి రెండు పరీక్షలు పెట్టింది. దేశాలు నిజంగా అలా నడుచుకుంటున్నాయా అన్నది ఒకటి. చట్టం కాబట్టే అలా నడుచుకోవాలని అనుకుంటున్నాయా అన్నది రెండోది. దీన్నే లాటిన్‌లో ఒపీనియో జ్యూరిస్ అంటారు. మొదటిదానికి సాక్ష్యం ఓపికగా వెతికితే దొరుకుతుంది. తల బద్దలయ్యేది రెండోదానితోనే. విదేశీ అధ్యక్షుడు దిగగానే గౌరవ వందనం ఇస్తారు, ఎప్పుడూ ఇస్తారు. అయినా అది మర్యాదే, చట్టం కాదు. మరి మర్యాద ఎక్కడ ఆగి చట్టం ఎక్కడ మొదలవుతుంది?

లోటస్ కేసు ఈ ప్రశ్న మీదే నడిచింది. 1926లో నడిసముద్రంలో లోటస్ అనే ఫ్రెంచి ఓడ ఒక టర్కీ ఓడను గుద్దింది, 8 మంది టర్కీ వాళ్లు చనిపోయారు. ఫ్రెంచి అధికారిని టర్కీ అరెస్టు చేసి విచారించింది. ఇలాంటి ప్రమాదాల్లో బయటి దేశాలు కేసులు పెట్టడం అరుదు, కాబట్టి పెట్టకూడదన్న ఆచారం ఉన్నట్టేనని ఫ్రాన్స్ వాదించింది. ఊరుకోవడం వేరు, ఊరుకోవాల్సిన బాధ్యత ఉందని ఊరుకోవడం వేరు అని 1927లో అప్పటి అంతర్జాతీయ కోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో ఫ్రాన్స్ ఓడిపోయింది గానీ, అది కోరుకున్న నియమాన్నే 1958లో నడిసముద్రాల ఒప్పందంలో రాసుకున్నారు. ఆచారం లేదని కోర్టు తేల్చిన చోట ఒప్పందం ఎలా నియమం పెడుతుందో చూడటానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. పెద్ద కోర్టులు కూడా ఒక్కోసారి సాక్ష్యం పెద్దగా చూపించకుండానే ‘ఇది ఆచారమే’ అని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు వెళ్లిపోతాయి. పైగా ఎవరి ఆచరణ లెక్కలోకి వస్తోంది? తమ దౌత్య పత్రాలను ఏటా పుస్తకాలుగా అచ్చేసుకోగల దేశాలదే ఎక్కువగా కనిపిస్తుంది. మిగతావాటి మాట ఫైళ్లలోనే ఉండిపోతుంది. ఆమె థీసిస్‌కు చోటున్నది ఇక్కడేనని నా అభిప్రాయం. ‘ఆచార న్యాయ సిద్ధాంతం’ అని ఇంత లావు శీర్షిక పెట్టుకుంటే మాత్రం రెండేళ్లయినా తేలదు. ఒకే ఒక్క నియమం తీసుకోమనండి.

ఇక ఉద్యోగం. కంపెనీ లా అన్నారు కదా, అక్కడి నుంచే వద్దాం. విదేశీ పెట్టుబడిదారులు ప్రభుత్వాల మీద వేసే ఆర్బిట్రేషన్ కేసుల్లో, అంటే కోర్టు బయట మధ్యవర్తులు తేల్చే కేసుల్లో, ఆచార న్యాయం రోజూ నలుగుతుంది. 2001లో అమెరికా, కెనడా, మెక్సికో తమ వాణిజ్య ఒప్పందంలో పెట్టుబడిదారులకు ఇచ్చిన న్యాయమైన వ్యవహారం హామీకి, ఆచార న్యాయంలోని కనీస ప్రమాణమే అర్థమని వివరణ ఇచ్చాయి. మరి ఆ కనీసం ఎంత? కోట్ల డాలర్ల కేసుల్లో లాయర్లు దాని మీదే పేజీలకు పేజీలు రాస్తారు. పెద్ద లా సంస్థల్లో ఈ పనికి వేరే టీములే ఉంటాయి. విదేశాంగ శాఖల న్యాయ విభాగాల్లో కూడా ఇదే పని. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2005లో యుద్ధ ఆచార న్యాయాన్ని గాలించి 161 నియమాలుగా అచ్చు వేసింది, దాని వెనక ఉన్నదంతా ఇలాంటి ఏరుకొచ్చే పనే. 2019లో దక్షిణ పసిఫిక్ యూనివర్సిటీలో 27 మంది లా విద్యార్థులు మొదలుపెట్టిన ప్రయత్నం వనువాటు అనే పసిఫిక్ ద్వీప దేశపు ప్రభుత్వం చేతికి, అక్కణ్నుంచి ఐక్యరాజ్య సమితికి వెళ్లి, చివరికి 2025 జులైలో వాతావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయంగా వచ్చింది. ఇతరుల పర్యావరణానికి పెద్ద హాని జరగకుండా చూడాల్సిన బాధ్యత దేశాలకు ఆచార న్యాయం ప్రకారం కూడా ఉందని కోర్టు అందులో చెప్పింది.

ఇవన్నీ చదివి ఆమె హేగ్‌కు సూట్‌కేసు సర్దుకుంటే మాత్రం ఆపండి. ఆ కోర్టులో జడ్జీలు 15 మందే. జడ్జీలకు సాయంగా ఏటా తీసుకునే జ్యుడీషియల్ ఫెలోలు కూడా కొద్దిమందే, వాళ్లను కూడా యూనివర్సిటీలే నామినేట్ చేయాలి. ‘అంతర్జాతీయ న్యాయం’ అని బోర్డు మీద రాసి ఉండే ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకని ముందు లాయరుగా నమోదు చేయించుకుని, ఒకటి రెండేళ్లు మామూలు కోర్టులోనో ఆర్బిట్రేషన్ ఆఫీసులోనో పనిచేయడం మంచిది. సాక్ష్యం అంటే ఏమిటో అక్కడ ఒంటబడుతుంది. ఫ్రెంచి ఇప్పుడే మొదలుపెట్టాలి. అంతర్జాతీయ న్యాయస్థానం అధికార భాషలు ఇంగ్లిషు, ఫ్రెంచి రెండే. ఎల్‌ఎల్‌ఎంకు యూనివర్సిటీ పేరు చూడటం కన్నా, గైడ్ ఎవరు, వాళ్లు ఈ అంశం మీద ఏం రాశారు అన్నది చూడటం ముఖ్యం.

ఈ లోపు ఇంట్లోనే ఖర్చు లేని పరీక్ష ఒకటి పెట్టండి. ఐక్యరాజ్య సమితికి చెందిన అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2018లో ఆచార న్యాయాన్ని ఎలా గుర్తించాలో 16 నిర్ధారణలుగా, వ్యాఖ్యతో సహా ఇచ్చింది. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చదవమనండి. తర్వాత పదవిలో ఉన్న విదేశాంగ మంత్రిని పరాయి దేశం అరెస్టు చేయొచ్చా అన్న ప్రశ్న తీసుకుని, పది దేశాలకు ఒక పట్టిక వేయమనండి. మొదటి గడిలో ఆ దేశం ఏం చేసింది, రెండో గడిలో అలా ఎందుకు చేశానని చెప్పింది. 2002లో కాంగో, బెల్జియం కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఉంది కాబట్టి మరీ చీకట్లో వెతుక్కున్నట్టు ఉండదు.

మొదటి గడి వారంలో నిండుతుంది. రెండో గడి చాలా దేశాలకు ఖాళీగానే ఉంటుంది, ఉన్నచోట కూడా ‘మర్యాద కోసం’, ‘చట్టం ప్రకారం’ అన్న రెండు మాటలూ ఒకే పేరాలో కనిపిస్తాయి. నెల తర్వాత ఆ గడి చూసి విసుక్కుంటుందా, లేక మిమ్మల్ని భోజనం దగ్గర కూర్చోబెట్టి దాని గురించే వాదిస్తుందా అన్నది గమనించి నాకు రాయండి. ఏ యూనివర్సిటీకి అప్లై చేయాలో అప్పుడు చూద్దాం.