20 మంది మార్కులకు పౌనఃపున్య పట్టిక: సరిగ్గా 20 వస్తే ఏ తరగతిలో వేయాలి?

మీ అబ్బాయికి వచ్చిన సందేహాలు రెండు: 20 మంది మార్కులకు పౌనఃపున్య పట్టిక (ఏ గుంపులో ఎంతమంది ఉన్నారో చూపే పట్టిక) వేసేటప్పుడు ఎన్ని తరగతులు, అంటే 10–20 లాంటి మార్కుల గుంపులు, పెట్టాలి, సరిగ్గా 20 వస్తే 10–20లో వేయాలా 20–30లో వేయాలా అని. నేను ఇంటి దగ్గర తొమ్మిదో, పదో క్లాసు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. ఈ పాఠంలో ఎక్కువమంది ఆగిపోయేది ఆ రెండోదాని దగ్గరే.

నేను బోర్డు మీద వేసే మార్కులు ఇవి, 50కి:
23, 31, 18, 40, 27, 35, 20, 29, 46, 22, 38, 25, 30, 17, 28, 33, 24, 40, 26, 12

అన్నిటికన్నా తక్కువ 12, ఎక్కువ 46. వాటి తేడా, అంటే వ్యాప్తి, 34. పదేసి చొప్పున 10 నుంచి మొదలుపెడితే నాలుగు తరగతులు చాలు. ఐదేసి చొప్పున తీసుకుంటే ఎనిమిది అవుతాయి, సగానికి పైగా తరగతుల్లో ఒకటో రెండో గీతలే (ఒక్కో మార్కుకు ఒక్కో గీత) పడతాయి. అలాంటప్పుడు పట్టిక వేసి లాభమేంటి? తరగతుల సంఖ్యకు స్టర్జెస్ అనే ఆయన 1926లో ఇచ్చిన సూత్రం ఒకటుంది, 20 విలువలకు అది ఐదు చిల్లర చూపిస్తుంది. స్కూలు లెక్కకు అంత దూరం వెళ్లక్కర్లేదు.

ఇక గీతలు. చాలామంది పిల్లలు ముందు 10–20 పట్టుకుని, అందులోకి వచ్చేవాటి కోసం మార్కులన్నీ వెతుకుతారు, మళ్లీ 20–30కి మొదటినుంచి వెతుకుతారు. ఏదో ఒకటి తప్పిపోతుంది. అలా వద్దు. మార్కుల్ని వరుసగా ఒక్కసారే చదవాలి: 23 చూశారు, 20–30 ఎదురుగా ఒక గీత, 23ని కొట్టేయండి. తర్వాత 31. ఐదో గీతను నాలుగింటి మీదుగా అడ్డంగా గీయాలి, చివర్లో ఐదేసిగా లెక్కపెట్టుకోవచ్చు.

సరిగ్గా 20 వస్తే అది 20–30లోకే వెళ్తుంది. ఎగువ అవధి, అంటే తరగతి పై హద్దు (10–20లో 20), ఆ తరగతిది కాదు, తర్వాతి తరగతిది. అలాగే 30 వెళ్లి 30–40లో, రెండు 40లూ 40–50లో పడతాయి.

10–20: 3
20–30: 9
30–40: 5
40–50: 3
మొత్తం: 20

మొత్తం 24 వచ్చిందంటే 20, 30, రెండు 40లను రెండేసి చోట్ల వేసినట్టు. కానీ మొత్తం సరిపోయింది కదా అని ధీమాగా ఉండకండి. ఆ నాలుగింటినీ కింది తరగతుల్లో వేసినా మొత్తం 20యే వస్తుంది, పట్టిక మాత్రం 4, 9, 6, 1 అయిపోతుంది. అందుకే అవధుల మీద పడే అంకెలకు ముందే సున్నా చుట్టి పెట్టుకోమంటాను.

10–19, 20–29 అని రాసుకుంటే ఈ గొడవ ఉండదు, నిజమే. పూర్ణాంకాల మార్కులకు అది హాయి. 19.5 లాంటిది వస్తే మాత్రం దానికి చోటే ఉండదు, సోపానచిత్రం (తరగతుల్ని ఆనుకుని ఉన్న కడ్డీలుగా చూపే బొమ్మ) గీసేటప్పుడు హద్దుల్ని 9.5–19.5గా మార్చుకోవాలి.

తర్వాత సగటు అడిగితే తరగతి మధ్య విలువలతో 29 వస్తుంది, అసలు మార్కుల సగటు 28.2. మీవాడు అది చూసి టెన్షన్ పడితే, లెక్క తప్పలేదని చెప్పండి. తరగతుల్లో వేశాక ఒక్కొక్కరి మార్కు ఎంతో పట్టికలో మిగలదు, అందుకే ఆ తేడా.