విటమిన్ బి12కి సూదా, మాత్రా?

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు, శాకాహారి, షుగరుకి 10 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. బి12 పరీక్షలో 140 వచ్చింది, తక్కువట. డాక్టరు ఇంజక్షన్లు రాశారు, అమ్మకేమో సూదంటే భయం. మాత్రలు చాలవా?

జవాబు: చాలామందికి సరిపోతాయండీ. సూది పడితేనే వైద్యం అనుకోవడం మనకి అలవాటు గానీ, 1000 మైక్రోగ్రాముల మాత్ర రోజూ వేసుకుంటే అందులో ఒక శాతమే ఒంటికి పట్టినా 10 మైక్రోగ్రాములు, మనకి రోజుకి కావలసింది సుమారు 2.5 మాత్రమే. అయితే అరికాళ్లు తిమ్మిరెక్కడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, నడుస్తుంటే తూలడం ఉంటే మాత్రం ముందు ఇంజక్షనే, నరాల విషయంలో ఆలస్యం పనికిరాదు. అవేవీ లేకపోతే మాత్రల సంగతి మీ డాక్టరునే అడగండి, రెండు మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ వల్ల బి12 తగ్గొచ్చు గానీ, దాన్ని మాత్రం సొంతంగా ఆపకండి.