ఆ రోజుది ఆ రోజే రాసుకో

నాన్నా,

పీహెచ్‌డీలో చేరుతున్నానని నువ్వు పెట్టిన మెసేజ్ చూసి చాలా సంతోషమేసింది. టాపిక్ ఎలా ఎంచుకోవాలి, గైడ్‌తో ఎలా ఉండాలి, ఎన్నేళ్లు పడుతుంది అని వరసగా అడిగావు. వాటికి జవాబులు చెప్తాను గానీ, నువ్వు అడగని సంగతి ఒకటి ముందు చెప్పనీ. ఏ రోజు చేసిన పని ఆ రోజే రాసిపెట్టుకో. నీది ల్యాబ్ పనైనా, ఇంజనీరింగ్ డిజైనైనా, ఇంటింటికీ తిరిగి మనుషులతో మాట్లాడే సోషల్ సైన్సైనా ఇది తప్పదు.

రెండో ఏడాదిలో నేను పలచటి లోహపు పొరల రెసిస్టెన్స్ కొలిచేవాణ్ణి. ఒక సాంపిల్‌కి మిగతా వాటిలో సగం కూడా రాలేదు. అప్పటికి బాగా పొద్దుపోయింది, అలసిపోయి ఉన్నాను. నోట్‌బుక్‌లో "మళ్లీ చూడాలి" అని రెండు మాటలు రాసి వెళ్లిపోయాను. నాలుగు నెలల తర్వాత ఆ సాంపిలే అసలు కథ అని తెలిసింది. అప్పుడు పేజీ తిప్పితే ఆ రెండు మాటలే ఉన్నాయి. ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచాను, తీగలు ఎక్కడ అతికించాను, అది మొదటిసారి వేడి చేసిందా రెండోసారా, ఏమీ లేదు. దాన్ని మళ్లీ తయారు చేయడానికి మూడు నెలలు పట్టింది.

వింతగా కనిపించినదాన్ని అస్సలు పారెయ్యకు. 1967లో జోస్లిన్ బెల్ కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని. రేడియో టెలిస్కోప్ నుంచి రోజుకి దాదాపు ముప్పై మీటర్ల కాగితం వచ్చేది, అదంతా తనే కళ్లతో చూసేది. అందులో ఒకచోట చిన్న గజిబిజి గీత కనబడింది. నక్షత్రాల సంకేతంలా లేదు, మనుషులు పుట్టించే రేడియో గోలలాగానూ లేదు. ఆకాశంలో ఇదే చోట ఇంతకుముందు కూడా ఇలాంటిది చూశానే అని పాత కాగితాలు తీసి వెతికింది. దాదాపు 1.3 సెకన్లకొకసారి కొట్టుకుంటున్న ఆ సంకేతమే మనకు దొరికిన మొదటి పల్సార్, అంటే గిరగిరా తిరుగుతూ లెక్క తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం. 1974లో నోబెల్ మాత్రం ఆమె గైడ్‌కి ఇచ్చారు, ఆమెకి ఇవ్వలేదు. అది అన్యాయమేనని నేను ఇప్పటికీ అంటాను.

డేటా విషయంలో ఇంకో మాట. ఒరిజినల్ ఫైల్‌ని ముట్టుకోకు, కాపీ తీసుకుని దానిమీద పని చెయ్యి. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే ఎకనామిక్స్ విద్యార్థి, క్లాసులో ఇచ్చిన పని కోసం, దేశాల అప్పు బాగా పెరిగితే ఆర్థిక వృద్ధి పడిపోతుందని 2010లో చెప్పిన ఒక పేరున్న పేపర్ లెక్కల్ని మళ్లీ చేసి చూశాడు. ఎంత చేసినా అంకెలు కలవలేదు. చివరికి రచయితలనే అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ షీటు పంపారు. చూస్తే సగటు తీసే ఫార్ములాలో అయిదు దేశాల వరసలు చేరనే లేదు. దాంతోపాటు డేటాలో వదిలేసినవీ, సగటు తీసిన పద్ధతీ సరిచేస్తే, అప్పు బాగా ఎక్కువున్న దేశాల వృద్ధి మైనస్ 0.1 శాతం కాస్తా 2.2 శాతమైంది. పెద్దవాళ్లు రాశారు కదా, నాదే తప్పయి ఉంటుందిలే అని అతను వదిలెయ్యలేదు. వాళ్లు కూడా షీటు ఇచ్చారు కాబట్టే విషయం తేలింది. నీ షీటు కూడా రేపు ఇంకొకరు తెరిచి చూసుకోగలిగేలా ఉండాలి.

తప్పు దొరుకుతుందేమో అని టెన్షన్ పడకు. ఐన్‌స్టీన్ 1905లో రాసిన థీసిస్‌లోనే లెక్క తప్పు ఉంది. ప్రయోగాల్లో వచ్చిన విలువలతో పొసగకపోతే, తన సహచరుణ్ణి లెక్క మళ్లీ చూడమన్నాడు. 1911లో సరిదిద్ది అచ్చు వేయించాడు. లెక్క మెట్టుమెట్టుగా కాగితం మీద ఉంది కాబట్టే ఎక్కడ తప్పిందో దొరికింది.

ఇక నువ్వు అడిగినవి. టాపిక్ ఎంత గొప్పదో తర్వాత చూసుకోవచ్చు. మూడు నెలల్లో ఇది నడుస్తుందా లేదా అని తేల్చుకోగలిగే చిన్న ప్రశ్నతో మొదలుపెట్టు. గైడ్‌ని కలిసిన ప్రతిసారీ, ఏం అనుకున్నారో నాలుగు లైన్లలో ఆ సాయంత్రమే మెయిల్ పెట్టు, ఆర్నెల్ల తర్వాత "నేనలా అన్లేదే" అనే మాట రాదు. రెండు వారాలు జవాబు రాకపోతే కోపం వచ్చిందనుకోకు, మర్యాదగా ఇంకోసారి రాయి. అవమానించేలా మాట్లాడితే మాత్రం ఒక్కడివే భరించకు, డిపార్ట్‌మెంట్‌లో నమ్మకమున్న ఇంకో పెద్దవాళ్లకి చెప్పు, నాకూ ఫోన్ చెయ్యి. ఎన్నేళ్లు అంటే, ఫీల్డ్‌వర్క్ చేసేవాళ్ల లెక్క వేరు, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల లెక్క వేరు. పక్కవాళ్లతో పోల్చుకోకు. థీసిస్ రాయడం చివరి ఏడాదికి దాచుకోకు, చదివిన ప్రతి పేపర్‌కీ మూడు వాక్యాలు నీ మాటల్లో రాస్తూ ఉంటే సగం అధ్యాయం అప్పటికే తయారై ఉంటుంది.

సోమవారం గైడ్‌ని మొదటిసారి కలుస్తానన్నావుగా. బయటికి రాగానే ఎక్కడో ఒకచోట కూర్చుని, తేదీ వేసి, ఆయన ఏమన్నారో నీకేం అర్థం కాలేదో రెండూ రాయి. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న