అప్పు చేసి ఖర్చు పెట్టడం తప్పేనా?

ప్రశ్న: ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు పెట్టే లోటు బడ్జెట్ అనగానే దివాలా అని కొందరు, అభివృద్ధి అని మరికొందరు వాదిస్తున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: లోటు అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. 1992లో ఐరోపా దేశాలు మాస్ట్రిక్ట్ ఒప్పందంలో లోటుకు స్థూల దేశీయోత్పత్తిలో 3 శాతం, అప్పుకు 60 శాతం హద్దు పెట్టుకున్నాయి గానీ, అవి బేరసారాల్లో కుదిరిన అంకెలే తప్ప శిలాశాసనాలు కావు. అసలు చూడవలసింది ఆ అప్పు దేనికి వెళ్లిందన్నది. వంతెన కట్టడానికి తెచ్చిన అప్పును, దాని మీద తిరిగే రేపటి తరం కూడా తీర్చడంలో న్యాయం ఉంది. పాత వడ్డీలు కట్టడానికే కొత్త అప్పు తెస్తే మిగిలేది పద్దు మాత్రమే. అయితే మంచి అప్పుకూ చెడ్డ అప్పుకూ మధ్య ఈ గీత అంత తేటగా ఉండదు: పాఠం చెప్పే ఉపాధ్యాయుని జీతాన్ని రెవెన్యూ వ్యయమనీ (రోజువారీ ఖర్చు), పిల్లలు చేరని బడి భవనాన్ని మూలధన వ్యయమనీ (ఆస్తిని కూర్చే ఖర్చు) రాస్తారు.