ట్యాంకర్ స్కిట్ ఎందుకు పేలలేదంటే

ఉగాదికి మీ బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ నీళ్ల మీద వేసిన వ్యంగ్య స్కిట్‌కి ఎవరూ నవ్వలేదని, పైగా సెక్రటరీ గారు అలిగారని రాశారు కదా. స్క్రిప్ట్ చదివానండీ. మీ హీరో మొదటి నుంచీ ఆయన్ని దొంగ అని అరుస్తూనే ఉన్నాడు. అది వ్యంగ్యం కాదు, కుళాయి దగ్గర తగాదా. ఆ మాట ప్రేక్షకుడికి తనంతట తనకే తట్టాలి.

2024 మార్చిలో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు, గుర్తుందా? సెక్రటరీ పాత్ర ఆ నోటీసు లిఫ్ట్‌లో అతికించి, జిగురు చేతులు కడుక్కుని, కుళాయి కట్టకుండా నీటి పొదుపు మీద ఉపన్యాసం దంచాలి. వెనక నీళ్ల చప్పుడు ఆగకూడదు. ఎవరూ దాని ఊసెత్తకూడదు.

వాచ్‌మన్ మీద జోకులు తీసేయండి, బక్కవాడి మీద పడితే నాకైతే నవ్వు రాలేదు. మీరు దొంగచాటుగా కారు కడిగే సీను కూడా ఒకటి పెట్టండి, ఆయన అలక సగం దిగుతుంది.