బెల్ట్‌రూస్ అంటే గులాబీ జబ్బా?

స్వీడన్‌లో మీవారికి "బెల్ట్‌రూస్" (ఇంగ్లీషులో షింగిల్స్) అని చెప్పారని, రూస్ అంటే గులాబీ కదా, జబ్బుకి ఆ పేరేమిటని అడిగారు. గోథెన్‌బర్గ్‌లో ఉండగా నాకూ ఇదే వచ్చింది, అందుకని రాస్తున్నాను.

మూడు రోజులు నడుముకి కుడివైపు ఒకటే మంట. చొక్కా తగిలినా ఓర్చుకోలేకపోయాను. నాలుగోరోజు వెన్ను దగ్గర మొదలై బొడ్డు దాకా ఎర్రగా కంది, నీటి పొక్కులు బారుగా లేచాయి. చూపిస్తే నర్సు వెంటనే బెల్ట్‌రూస్ అంది. బెల్టె అంటే నడుముకి పెట్టుకునే పట్టీ. రూస్ అంటే మీరన్నట్టు గులాబీయే. చర్మం ఎర్రగా కందిపోయే జబ్బులకి పూర్వం అక్కడ ఆ పువ్వు పేరు పెట్టారు. జర్మన్‌లోనూ ఇదే అర్థంతో గ్యుర్టెల్‌రోజె అంటారు. పక్కనున్న నార్వేవాళ్లు మాత్రం హెల్వెటెసిల్, అంటే నరకంలోని అగ్ని అంటారు. నేను పడ్డ మంటకి ఆ పేరే సరైనది.

ఇక పట్టీ సంగతి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ వెన్ను పక్కన నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేచి, ఏదో ఒక నరం వెంబడే చర్మంలోకి వస్తుంది. ఆ నరం వెన్ను నుంచి పొట్ట మధ్య దాకా ఒక పక్కకే ఉంటుంది. అందుకే సగం మొలతాడు కట్టినట్టు కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని హెర్పెస్ జోస్టర్ అంటారు. అందులోని జోస్టర్ అనే గ్రీకు మాటకీ పట్టీ అనే అర్థం.

ఫోన్‌లో చెప్పగానే అమ్మ, "సర్పి రా అది! రెండు కొసలూ కలవనివ్వకు, ప్రాణాల మీదికొస్తుంది" అని ఏడ్చింది. మా ఊళ్లో దానికి జాజు పూసి మంత్రం వేయించేవారు. పొక్కులు నడిమధ్య గీత దాటి రెండో పక్కకి పోవడం అరుదని అమ్మకి నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆ టెన్షన్ తగ్గాక సర్పి అనే పేరు మీదికి మనసు పోయింది. సర్పం అంటే పాకేది. ఈ జబ్బు పేరులోని హెర్పెస్ కూడా గ్రీకులో పాకడం అనే మాట నుంచే వచ్చింది. సంస్కృతంలోని సర్ప, గ్రీకులోని హెర్ప్ ఒకే ప్రాచీన ధాతువు నుంచి పుట్టినవి. అమ్మ నోటి మాటా డాక్టరు చీటీలోని మాటా చుట్టాలేనని తెలిసి ఎంత సంతోషించానో!

మీవారికి పొక్కులు లేచి మూడు రోజులు దాటకపోతే వైరస్ మందు గురించి ఇవాళే అడగండి. కంటి చుట్టూ లేస్తే ఒక్క పూట కూడా ఆగకండి.